బుచ్చవ్వ పేరు మీద మునక

నా భార్య బుచ్చవ్వ చావుకు కారణం నా చెల్లె దేవవ్వ మోకాలు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మెట్‌పల్లి పక్కన మా ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, దేవవ్వను అడిగినా ఇదే చెబుతుంది, ఏడేళ్లుగా చెబుతూనే ఉంది. ఇప్పుడు ఈ పడవలో నాకు ఎదురుగా చెక్క మీద కూర్చుని ఆ మోకాలినే రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. పొద్దు ఇంకా పూర్తిగా పైకి రాలేదు. వెనక రామేశ్వరం గోపురం వేలెడంత అయింది. ఇంజను డబడబ కొట్టుకుంటోంది. డీజిల్ వాసన, ఎండుచేపల వాసన. నాకు వాంతి రాదు, బీడీ కార్ఖానాలో పొగాకు మధ్య ఇరవై రెండేళ్లు పనిచేసినవాడికి వాసనతో వాంతి రాదు. దేవవ్వ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా మొహమే చూస్తోంది. ఏం చూస్తోందో నాకు తెలుసు. ఒడ్డుకు తిరిగి చేరేలోపు ఆమెకు నేను ఒక మాట చెప్పాలి. ఒకే ఒక్క మాట. బస్సులో పదకొండు రోజులు పక్కపక్కన కూర్చుని చెప్పలేదు, బాసరలో చెప్పలేదు, కాశీలో చెప్పలేదు. రేపటి నుంచి తిరుగుదారి. ఇక్కడ చెప్పకపోతే చెప్పేదేమీ ఉండదు.

నిన్న సాయంత్రం సత్రం ముందుకు తోమాసు అనే పడవవాడు వచ్చాడు. ఎప్పుడో చేపల మీద పరిశోధన చేసేవాళ్లకు పడవ నడిపాడట, వాళ్లు పోతూ పోతూ ఇచ్చిన, మొహానికి పెట్టుకునే అద్దాల తొడుగులు రెండు ఉన్నాయట, పొద్దున ఆరింటికి బయలుదేరితే గాలి లేవకముందే నీళ్ల కింది పగడపు దిబ్బలు చూపించి తొమ్మిదింటికి ఒడ్డున దింపుతాడట. యాత్ర బస్సుల వెంట తిరిగి తిరిగి తెలుగు ముక్కలు నేర్చాడు. మా యాత్రను నడిపిస్తున్న బాలకిషన్‌రావు దొరకు అది నచ్చింది. “పదకొండు రోజుల సంది గుళ్లల్ల రాళ్లనే చూస్తున్నం. గీ నీళ్లల్ల రాళ్లు గూడ చూద్దాం పదుండ్రి” అన్నాడు. నేను రానన్నాను. దేవవ్వ నా చెయ్యి పట్టుకుని సత్రం గోడ దాకా గుంజుకుపోయింది. “ఒడ్డు మీద అందరి పాపాలు కడిగిన నీళ్లే ఉంటయన్నా. నడుమకు పోదాం. నువ్వు బాయిల ఈత నేర్సినోనివి. వదినె పేరు మీద ఒక్క మునుగు మునుగు.” తీర్థానికి రాలేనివాళ్ల పేరు మీద ఒక మునక వేయడం మాలో ఉన్నదే. బతికున్నవాళ్లకూ వేస్తాం, పోయినవాళ్లకూ వేస్తాం. మునిగేముందు పేరు పైకి అనాలి, అనకపోతే ఆ మునక ఎవరికీ చెందదు. సరే అన్నాను. అక్కడితో ఆగలేదు. “మునిగినంక నా మాట గూడ చెప్పు. తప్పైంది అని చెప్పు. మోకాలు నొస్తే ఓర్సుకోక దవాఖానకు పోయిన, నీకు మంచం రాకుంట చేసిన అని చెప్పు. జర మాఫ్ చెయ్యమను.” నేను గోడ వైపు చూశాను. గోడ మీద ఎవరో బొగ్గుతో ఊరి పేరు రాసుకున్నారు. దేవవ్వ నా భుజం కుదిపి, “ఇంటున్నవా?” అంది. వింటున్నాను అన్నాను.

ఇంజను ఆగింది. ఆగాక కాని తెలియలేదు అది ఎంత చప్పుడు చేసిందో. నీళ్లు ఇక్కడ ఆకుపచ్చగా ఉన్నాయి, కింద నల్లటి మచ్చలు. తోమాసు లంగరు వేసి, తాడు నా నడుముకు కట్టి, అద్దం మొహానికి బిగించి, గొట్టం నోట్లో పెట్టాడు. “అయ్యా, ముక్కు మరిచిపో. ముక్కు లేదు నీకు. నోరు మాత్రం.” బాలకిషన్‌రావు దొర తొడలు చరిచి నవ్వాడు. “భూమన్నా, లచ్చల బీడీలు ఇరిసినవ్, ఆఖరికి నీకు సముద్రంల ప్లాస్టిక్ బీడీ దొరికింది పో!” దేవవ్వ నవ్వలేదు. నేను అంచు పట్టుకుని నీళ్లలోకి జారాను. చల్లగా లేవు, వెచ్చగానూ లేవు, ఉప్పుమంట. తల ముంచగానే ముక్కుతో పీల్చాను. ముక్కు ఉందిగా. అద్దం మొహాన్ని పీల్చింది, నోట్లోకి నీళ్లు వచ్చాయి, ఉక్కిరిబిక్కిరై లేచాను. “ముక్కు లేదు” అని తోమాసు మళ్లీ చెప్పాడు, పసివాడికి చెప్పినట్టు. రెండోసారి ముంచాను. ఈసారి గాలి వచ్చింది.

చూడడం తర్వాత, ముందు వినిపించింది. నీళ్లలో చప్పుడు ఉండదనుకున్నాను. కరకర, కరకర, కరకర, అన్ని వైపుల నుంచీ, దగ్గర నుంచీ దూరం నుంచీ. చేపలు రాళ్లను కొరుకుతాయని, రొయ్యలు గోళ్లు చిటికేస్తాయని తోమాసు దారిలో చెప్పాడు, నేను పట్టించుకోలేదు. ఇది నాకు తెలిసిన చప్పుడు. మా ఊళ్లో మధ్యాహ్నం ఏ వాడకు పోయినా ఇదే. అరుగుల నిండా ఆడవాళ్లు, ఒళ్లో చాటలు, తడిపిన తునికాకు మీద రేకు కొలత పెట్టి కత్తెరలతో కోస్తుంటారు. నూరు కత్తెరలు. మాటలు ఆగినా కత్తెరలు ఆగవు. మా అరుగు మీద ఎడమ మూల గోడకు ఒరిగి బుచ్చవ్వ. కింద దిబ్బలు గోబిపూల మడిలా ఉన్నాయి, కొన్ని పొట్టేలు తలకాయ పగలగొడితే లోపల ఉండేలాంటివి, మడతలు మడతలుగా. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి నా అద్దంలోకి చూసి పోయాయి. నేను చేపలను చూడడం లేదు. గొట్టంలో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. లోపలికి పోయేటప్పుడు ఈల, బయటికి వచ్చేటప్పుడు గరగర. ఇది చివరి ఏడాదిలో బుచ్చవ్వ ఊపిరి. అరుగు మీద అందరి కత్తెరల కింద నుంచి అది ఒక్కటే వేరుగా వినిపించేది, కార్ఖానాలో నా బల్ల దాకా వినిపిస్తున్నట్టే ఉండేది. నేను ఆ బల్ల దగ్గర గుమాస్తాను. పేర్లు రాయడం, కట్టలు చూడడం, బాగాలేని బీడీలు ఏరి విరిచేయడం నా పని. గుమాస్తా తన పెళ్లానికి మెత్తబడ్డాడని ఎవరూ అనకూడదు. అందుకని అందరి చాటలోనూ రెండో మూడో విరిస్తే ఆమె చాటలో అయిదారు విరిచేవాణ్ని. ఒకసారి అందరి ముందూ అడిగింది. “గీ బీడీకేమైందయ్యా?” మూతి సరిగా మడవలేదన్నాను. “నువ్వు బీడీని చూసి ఇరువలే, నా మొకం చూసి ఇరిసినవ్” అంది. ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. నేను ఇంకొకటి విరిచాను.

తాడు ఒకసారి కదిలింది, పైన తోమాసు నేను ఉన్నానా లేనా అని చూస్తున్నాడు. చెయ్యి ఎత్తి ఊపాను. ఉన్నాను. కార్డులు వచ్చిన ఏడు డెబ్బై ఎనిమిది. బీడీ చేసేవాళ్లందరికీ ఫోటో అంటించిన కార్డు, దానితో దవాఖాన, ముసలితనానికి ఆసరా. ఊరందరి కార్డులూ నేనే రాశాను, నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని కార్ఖానా సేటే అనేవాడు. సేటు ఇంకోటి కూడా అన్నాడు, గుమాస్తాల ఇళ్లల్లోవాళ్లకు కార్డులు రాస్తే ఊరుకోనని. దేవవ్వ పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోయి మా ఇంటికి వచ్చింది, పిల్లలు లేరు, చేను పనికి పోయేది, బీడీ చుట్టడం రాదు. ఇంటిపేరు వేరు కాబట్టి ఆమె పేరు నడుస్తుంది. బుచ్చవ్వ చుట్టిన బీడీలు దేవవ్వ పేరు మీద ఎక్కించాను. మెట్‌పల్లిలో ఫోటో దిగేటప్పుడు దేవవ్వ సిగ్గుపడింది. “నాకు బీడీ చుట్టరాకపాయె, నా ఫోటో ఎందుకన్నా? వదినె పేరు రాయి. పని ఆమెది గదా.” నోరు మూసుకుని కెమెరా వైపు చూడమన్నాను. బుచ్చవ్వ ఇంటి దగ్గర, “ఎవల పేరైతే ఏంది, ఇంట్లనే ఉండె గదా” అంది. అప్పటికి అది మాకు తప్పుగా కనిపించలేదు. ఊళ్లో సగం కార్డులు అట్లాంటివే. ఒకరి కార్డు మీద అత్త చుట్టేది, ఒకరి కార్డు మీద బిడ్డ చుట్టేది. కార్డు మనిషిది కాదు, ఇంటిది అనుకునేవాళ్లం.

దగ్గు ముదిరాక బుచ్చవ్వను బీడీవాళ్ల దవాఖానకు పంపాను, దేవవ్వ కార్డుతో, దేవవ్వ పేరుతో. కాంపౌండరు ఫోటో చూడలేదు. ఎక్స్‌రే తీశారు. దేవవ్వ ఎక్స్‌రే అని రాసి ఇచ్చారు. ఊపిరితిత్తులు ఒకామెవి, పేరు ఒకామెది. పట్నంలో క్షయ దవాఖానకు రాస్తాం, మంచం దొరకగానే ఇంటికి చిట్టీ వస్తుంది అన్నారు. చిట్టీ వచ్చింది.

చిట్టీ వచ్చింది. ఇది ఊళ్లో ఎవరికీ తెలియదు, దేవవ్వకు తెలియదు, బుచ్చవ్వకు తెలియదు. బీడీవాళ్ల ఉత్తరాలన్నీ కార్ఖానాకే వచ్చేవి, నా బల్ల మీదికే. మధ్యాహ్నం పోస్టు, బట్టి మీద బీడీలు వేగుతున్న వాసన. నిలబడి చదివాను. దేవవ్వ అనే పేషెంటు పదిహేను రోజుల్లోపల ఫోటో కార్డు తీసుకుని రావాలి. ఫోటో. అంతకు నెల ముందే పక్క ఊరి గుమాస్తాను దొంగ పేర్లు రాశాడని సేటు చెంప మీద కొట్టి, లెక్కల పుస్తకం లాక్కుని బయటికి పంపాడు. నలభై ఏళ్లవాడిని, ఆడవాళ్లందరి ముందు. నేను ఆ చెంపను చూశాను. పట్నంలో వాళ్లు ఫోటో చూస్తారు, మనిషిని చూస్తారు, ఈ కార్డు ఎవరు రాశారు అంటారు. చిట్టీని నాలుగు మడతలు పెట్టాను. బట్టి తలుపు తీసి ఉంది. తగలబడడానికి ఎంతసేపూ పట్టలేదు, పల్చటి కాగితం. ఇంటికి పోయేసరికి అరుగు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది, “ఒచ్చిందా?” రాలే అన్నాను. మొదటిసారి చెప్పులు విప్పుతూ అన్నాను. తర్వాత మొహం చూసే అన్నాను. నాలుగు నెలలు రోజూ అడిగింది, ఇక రాదని వాడంతా అనుకున్నాక కూడా. నాలుగు నెలలు రోజూ రాలే అన్నాను. పదిహేను రోజులు దాటేదాకా భయం. దాటాక భయం కూడా లేదు, ఎందుకంటే చెప్పడానికి ఇక ఏమీ మిగలలేదు.

దేవవ్వ మోకాలు నొప్పితో దవాఖానకు పోయింది చిట్టీ కాలిన పదో రోజున. తన కార్డు తాను పట్టుకుని పోయింది, తన మొహంతో. కాంపౌండరు పేరు చదివి, “దేవవ్వవు నువ్వా? మరి మొన్న దగ్గుకుంట వచ్చినామె ఎవలు?” అన్నాడట. ఏమీ చెప్పకుండా కార్డు గుంజుకుని, ఆ మోకాలుతోనే ఆరు మైళ్లు నడిచి వచ్చింది. వాకిట్లో నిలబడే కార్డు నా ముందుకు చాపింది. “దొరికిపోయినం అన్నా.” నాకు అప్పుడు ఏం తోచిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది, కాని తోచింది మాత్రం నిజం. గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. పక్కన అంటే ఆమె మీద. “ఇగ చిట్టీ ఎట్లస్తదే? నీ మోకాలు నా ఇల్లు ముంచింది” అన్నాను, గట్టిగా, వాడ అంతా వినేటట్టు. ఆ మాట ఇంకా ఊళ్లో తిరుగుతూనే ఉంది. దేవవ్వ కుంటుకుంటూనే చేన్లోకి పోయింది. లోపల మంచం మీద నుంచి బుచ్చవ్వ, ఊపిరి కూడదీసుకుని, “దాన్నెందుకంటవ్? దాని మోకాలు నిజంగనే నొస్తుండె. నేను చూస్తలేనా” అంది. ఆ మాట నేను దేవవ్వకు చేర్చలేదు. చేరిస్తే నాకు పోయేదేమీ లేదు. చేర్చలేదు.

ఒక చేప, పచ్చది, చిలుక ముక్కులాంటి మూతిది, రాయిని కొరికి ఉమ్మేస్తోంది, కొరికి ఉమ్మేస్తోంది, వెనక నుంచి తెల్లటి ఇసుక రాలుతోంది. దానికి నా మీద ధ్యాస లేదు. రోహిణి కార్తెలో పోయింది బుచ్చవ్వ. మరుసటి ఏడు కోరుట్ల బస్సులో ఆ కాంపౌండరు నా పక్కన కూర్చున్నాడు, బదిలీ అయి పోతున్నాడు, మంచివాడు. మాటల్లో అన్నాడు, “గా క్షయ దవాఖానకు కార్డు లేకున్నా నడుస్తుండె భూమన్నా. ఉత్త ఎక్స్‌రే పట్టుకపోతే, ఎవలికైనా మంచం ఇస్తరు. నువ్వు సదువుకున్నోనివి, ఒక్కసారి అడుగకపోతివి?” నేను దిగవలసిన ఊరు ఇంకా రెండు స్టాపులు ఉంది. దిగిపోయాను. రోడ్డు మీద మధ్యాహ్నం ఎండ. ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఊరందరి పేర్లూ రాశాను. ఆమె పేరు ఒక్కసారే రాశాను, పంచాయతీలో చావుల పుస్తకంలో. అప్పుడు కూడా ముత్యాల్లాగే వచ్చాయి అక్షరాలు.

తాడు రెండుసార్లు లాగారు. తల పైకి ఎత్తాను. ఎండ మొహాన కొట్టింది. దేవవ్వ పడవ అంచు మీదికి వంగి ఉంది, తోమాసు ఆమె చీర వెనక నుంచి పట్టుకుని ఉన్నాడు, పడిపోతుందని. “మునుగన్నా! పేరు అని మునుగు!” గొట్టం నోట్లోంచి తీశాను. పెళ్లయిన నాటి నుంచి ఆమెను నేను పేరు పెట్టి పిలవలేదు. ఓయ్ అన్నాను, ఏందే అన్నాను, ఇంటున్నవా అన్నాను. దొర పైనుంచి, “ఏంది, పెండ్లం పేరు మరిసినవా?” అన్నాడు. “బుచ్చవ్వ” అన్నాను. మునిగాను. అద్దం ఉంది, గొట్టం లేదు, ఊపిరి బిగబట్టి. కింద కరకర ఆగలేదు. దేవవ్వ మాట చెప్పాలి. తప్పైందని, మాఫ్ చెయ్యమని. నోరు తెరవబోయాను. నీళ్లు. ఎవరి తప్పును ఎవరి పేరు మీద చెప్పాలి? ఇది ఇంకో దొంగ కార్డు అవుతుంది. చెప్పలేదు. నా మాట కూడా చెప్పలేదు. ఊపిరి అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఇంకా ఉండాలనుకున్నాను, అబద్ధమెందుకు, కాని నడుముకు తాడు ఉంది, తోమాసు తన పని తెలిసినవాడు.

లాగి పడవలో పడేశారు. దగ్గాను, ఉమ్మాను. దొర తువ్వాలు విసిరి, “ఏం చూసినవయ్యా గింతసేపు?” అన్నాడు. రాళ్లు అన్నాను. “అరె, గా రాళ్లకేనా నన్ను ఆరింటికి లేపింది!” అని తోమాసు మీదికి తిరిగాడు. తోమాసు నవ్వుతూ రెండో అద్దం ఆయన చేతికి ఇచ్చాడు. వాళ్లిద్దరూ అవతలి అంచుకు పోయారు, తాడు కట్టుకోవడం, ముక్కు మరిచిపోవడం మళ్లీ మొదటి నుంచి. ఈ అంచున నేనూ దేవవ్వా. నా పక్కన కూర్చుని తన కొంగుతోనే నా వీపు తుడిచింది. తుడుస్తూ, నా మొహం చూడకుండా, మెల్లగా అడిగింది.

“చెప్పినవా?”

నీళ్లు చెవుల్లోంచి కారుతున్నాయి. ఇప్పుడు చెప్పాలి. చిట్టీ వచ్చింది దేవవ్వా. రెండు ముక్కలు. నాలుక మీదికి వచ్చాయి. ఆమె చెయ్యి నా వీపు మీద ఆగింది, వినడానికి. ఆమె గోళ్లలో చేను మట్టి ఎప్పుడూ ఉంటుంది, పదకొండు తీర్థాల్లో స్నానం చేసినా పోలేదు. చెబితే ఆ చెయ్యి నా వీపు మీద ఉండదు. అంతే. ఇంకే పెద్ద కారణమూ లేదు. ఊరు ఏమంటుందో అని కాదు, సేటు ఎప్పుడో పోయాడు. ఈ ముసలితనంలో నాకు అన్నం వండిపెట్టి, నీళ్లు తోడిపెట్టి, నేను కసిరినా పడి ఉన్నది ఈ ఒక్క మనిషి, తన తప్పుకు శిక్ష అనుకుని పడి ఉంది.

“ఏమన్నదన్నా వదినె?”

“నీ మోకాలు నిజంగనే నొస్తుండె అన్నది” అన్నాను. “నిన్నేమీ అనొద్దన్నది.”

దేవవ్వ ముందుకు వంగి నా మొహంలోకి చూసింది. ఇది నేను కల్పించగలిగిన మాట కాదని ఆమెకు తెలుసు. నాకు అంత మెత్తని మాట చేతకాదు. వదినె మాట వదినె మాటలాగే ఉంది. ఏడుపు రాలేదు ఆమెకు, నవ్వు వచ్చింది, ఏడేళ్ల తర్వాత పళ్లు కనిపించేలా నవ్వింది, ముందువి రెండు లేవు, ఎప్పుడు ఊడాయో నేను చూసుకోలేదు. కాలు చాపింది. మోకాలిని చేతులతో పట్టుకోలేదు. అవతల దొర నీళ్లలో దిగి బొబ్బలు పెడుతున్నాడు. దేవవ్వ ఆ వైపు చూసి మళ్లీ నవ్వి, చాలాసేపటికి నా వైపు తిరిగింది.

“నిన్నేమన్నదన్నా?”

నేను తువ్వాలు పిండాను. ఉప్పునీళ్లు పాదాల మీద పడ్డాయి. ఆమె ఇంకొకసారి అడగలేదు, కాని చూపు తిప్పుకోలేదు, ఇంజను మొదలయ్యేదాకా తిప్పుకోలేదు. చిట్టీ వచ్చిందని, దాన్ని నేనే కాల్చానని దేవవ్వకు చెప్పను. దేవవ్వ కాదు, ఆ పైన ఎవరు అడిగినా చెప్పను. చావు పడక మీద నోట్లో నీళ్లు పోస్తూ అడిగినా ఈ సంగతి నా నోటి నుంచి ఇక రాదు.